ముహూర్తం పెట్టాక కాదు.. పెళ్లిచూపులకు ముందే!

జాతకం కుదిరిందా అని అడుగుతాం. జీతం ఎంతో ఆరా తీస్తాం. పుట్టబోయే పిల్లల ఆరోగ్యాన్ని తేల్చే ఒక్క రక్తపరీక్ష ఊసు మాత్రం ఎత్తం. ఎత్తినా అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఈ విషయం అమ్మాయిలకు ఎప్పుడు, ఎలా చెప్పాలి?

సంబంధం వచ్చిందంటే ఇంట్లో విచారణ మొదలవుతుంది. అబ్బాయి ఏ కంపెనీ? ప్యాకేజీ ఎంత? ఫ్లాటు సొంతమా, లోనులో ఉందా? వీసా ఏ దశలో ఉంది? గోత్రం ఏమిటి, నక్షత్రం కుదిరిందా? ఇన్ని అడుగుతాం. ‘మీ వైపు చిన్నప్పుడే పోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా? తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లు ఉన్నారా?’ అని మాత్రం అడగం. శుభమా అని పెళ్లి మాటలు జరుగుతుంటే అవేం మాటలని పెద్దవాళ్లు కసురుకుంటారు.

ఇటీవలి కాలంలో ఒక మార్పు వచ్చింది. అది మన మధ్యతరగతి ఇళ్లలో కాదు, ఏజెన్సీ ప్రాంతాల్లో. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని జాతీయ సికిల్‌సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్య కాకుండా చేయాలన్నది ఆశయం. 17 రాష్ట్రాల్లో, ముఖ్యంగా గిరిజనులు ఎక్కువగా ఉండే జిల్లాల్లో, 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవారి చేతికి ఒక కార్డు ఇస్తున్నారు. వ్యాధి ఉందా, వాహకులా, రెండూ కాదా అన్నది ఆ కార్డు చెబుతుంది. పెళ్లి అనుకునేటప్పుడు ఇద్దరి కార్డులూ చూసుకోమన్నది దాని ఉద్దేశం.

అంటే పాడేరు కొండల్లోనో, ఉట్నూరు ఏజెన్సీలోనో ఇంటర్ చదివే అమ్మాయికి తన రక్తం గురించి పెళ్లికి ముందే తెలిసే దారి ఒకటి ఏర్పడింది. మరి విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో బీటెక్ పూర్తి చేసిన అమ్మాయికి? ఆమెకు మొదటిసారి తెలిసేది సాధారణంగా మూడో నెలలోనో, నాలుగో నెలలోనో, గర్భిణిగా రిపోర్టు చేతికి వచ్చినప్పుడు. కొందరికైతే బిడ్డకు ఏడాది నిండకుండానే ఒళ్లు పాలిపోయి ఆసుపత్రికి పరుగెత్తినప్పుడు.

మనకేంటి సంబంధం?

‘అవన్నీ గిరిజనులకు వచ్చే జబ్బులు, మనకెందుకు?’ అనుకోవడం పెద్ద పొరపాటు. సికిల్‌సెల్ గిరిజనుల్లో ఎక్కువన్నది నిజమే. దాని దగ్గరి చుట్టమైన థలసీమియాకు మాత్రం ఊరూ కులమూ లేవు. మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నుంచి నలుగురు బీటా థలసీమియా వాహకులని అంచనా. 60 మంది ఉండే కాలేజీ క్లాసురూంలో ఇద్దరు ఉండొచ్చన్నమాట. ఏటా పది వేలకు పైగా పిల్లలు దేశంలో థలసీమియా మేజర్‌తో పుడుతున్నారని లెక్క. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకుపోయే ఇనుమును తొలగించడానికి రోజూ మందులు వాడాలి. జీవితాంతం ఇదే వరస. ఎముక మజ్జ మార్పిడితో నయం కావచ్చు గానీ, సరిపోయే దాత దొరకాలి, లక్షల రూపాయలు కావాలి.

థలసీమియా ఒక్కటే కాదు. వెన్నెముక కండరాల క్షీణత (ఎస్‌ఎంఏ) ఉన్న పసిబిడ్డకు 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ కావాలంటూ విరాళాలు అడిగే పోస్టులు ఫోన్లలో మీరూ చూసే ఉంటారు. సుమారు 40–50 మందిలో ఒకరు ఈ వ్యాధికి వాహకులు. వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఆ సంగతే తెలియదు.

గోత్రం చూస్తే సరిపోదు

దక్షిణాదిలో మరో కోణం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశం మొత్తం మీద దగ్గరి బంధువుల్లో పెళ్లి చేసుకున్న మహిళలు 11 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య నాలుగో వంతు దాకా ఉంది. తమిళనాడు, కర్ణాటకల్లోనూ ఇదే తీరు. పొలం బయటకు పోదని, పిల్ల కళ్లెదుటే ఉంటుందని, తెలిసిన ఇల్లని మేనరికాలు చేసుకుంటూ వచ్చాం. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాలను నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. అందుకే మేనరికం మన దగ్గర చట్టబద్ధంగానే సాగుతోంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. గోత్రం తండ్రి వైపు నుంచి మాత్రమే వస్తుంది. మేనమామ కొడుకుది వేరే గోత్రం. కాబట్టి గోత్రాల పరీక్షలో మేనరికం హాయిగా పాసైపోతుంది. జన్యువుల లెక్క అలా ఉండదు. మేనబావ, మరదళ్ల మధ్య ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు.

దీని అర్థం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒకమ్మాయి థలసీమియా వాహకురాలు అనుకోండి. బంధుత్వం లేని అబ్బాయి కూడా వాహకుడయ్యే అవకాశం దాదాపు 25–30 మందిలో ఒకరికి. అదే మేనబావ అయితే కనీసం ఎనిమిదిలో ఒక వంతు. మేనమామ అయితే నాలుగో వంతు. మొత్తంమీద చూస్తే, బంధుత్వం లేని దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్ర లోపాలు 2–3 శాతం మందిలో కనిపిస్తాయి. మేనబావ, మరదళ్ల పెళ్లిలో దానికి మరో 2–3 శాతం కలుస్తుంది. మేనమామను చేసుకుంటే ముప్పు ఇంకా ఎక్కువ. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ జబ్బు వస్తుందని కాదు. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ‘మా అమ్మా నాన్నలది మేనరికమే, మేం బాగానే ఉన్నాంగా’ అనే మాట అబద్ధం కాదు. కానీ అది తర్వాతి తరానికి గ్యారంటీ కాదు.

‘మాది మేనరికం కాదు, కాబట్టి మాకు భయం లేదు’ అన్నదీ పూర్తిగా నిజం కాదు. తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, బంధుత్వం తెలియని ఇద్దరిలోనూ పాత పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే జన్యుమార్పు ఉండొచ్చు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతినే చూపింది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ ప్రభావం చాలా బలంగా కనిపించింది. మన తెలుగు ప్రాంతపు ఉదాహరణ కూడా అందులో ఉంది. వైశ్య సామాజికవర్గంలో కొందరికి ఒక ఎంజైమ్ లోపం ఉంటుంది. మామూలుగా దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక రకం మందు మాత్రం వారి ఒంట్లో త్వరగా కరగదు. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ ఆ మందు బదులు మరొకటి వాడతారు. సమస్య అంతటితో తీరిపోతుంది. ఏ కులాన్నీ తక్కువ చేసే విషయం కాదిది. ప్రతి సమూహానికీ ఇలాంటి సొంత లెక్క ఒకటి ఉంటుంది. తెలుసుకుంటే మేలు, తెలియకపోతే ప్రమాదం.

వాహకులంటే రోగులు కాదు

అన్నిటికంటే ముందు అమ్మాయిలకు అర్థం కావాల్సిన మాట ఇదే. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. థలసీమియా వంటి జబ్బుల్లో ఒక ప్రతి దెబ్బతిన్నా రెండోది పని నడిపిస్తుంది. అలాంటివారే వాహకులు. చదువుకోగలరు, ఆటలాడగలరు, ఉద్యోగం చేయగలరు, పిల్లల్ని కనగలరు. మందు అక్కర్లేదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకున్నప్పుడే చిక్కు వస్తుంది. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. బిడ్డ వాహకమయ్యే అవకాశం 50 శాతం. రెండూ కాకుండా ఉండే అవకాశం 25 శాతం. ‘మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక తర్వాతి ముగ్గురికీ రాదు’ అనుకోకూడదు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకో సంగతి. కొద్దోగొప్పో ఇలాంటి లోపాలున్న జన్యువులు మనలో ప్రతి ఒక్కరికీ ఉంటాయి. వాహకురాలినని తెలిసిన అమ్మాయికీ, తెలియని అమ్మాయికీ ఉన్న తేడా చాలాసార్లు పరీక్ష చేయించుకోవడమే.

ఎప్పుడు చెప్పాలన్నదే అసలు ప్రశ్న

పరీక్షను తప్పనిసరి చేస్తే సరిపోదా? సౌదీ అరేబియా అనుభవం చూద్దాం. అక్కడ 2004లో పెళ్లికి ముందు సికిల్‌సెల్, థలసీమియా పరీక్షలను తప్పనిసరి చేశారు. ఫలితం చూశాక పెళ్లి చేసుకోవాలా, వద్దా అన్నది జంట ఇష్టం. మొదటి ఏడాది ముప్పు ఉందని తేలిన జంటల్లో 9 శాతం మందే పెళ్లి మానుకున్నారు. ఎందుకంటే పరీక్షకు వచ్చేసరికే మాటలు అయిపోయాయి, ఏర్పాట్లు అయిపోయాయి, బంధువులందరికీ తెలిసిపోయింది. ప్రచారం, అవగాహన పెరిగాక 2009 నాటికి సగానికి పైగా జంటలు వెనక్కి తగ్గాయి. చట్టం మారలేదు. మారింది మనుషులకు తెలిసిన సంగతులు.

సైప్రస్ దారి వేరు. ఆ చిన్న ద్వీపంలో ఏడుగురిలో ఒకరు థలసీమియా వాహకులు. 1980ల మొదటి నుంచి అక్కడి చర్చి పెళ్లికి ముందు ఒక సర్టిఫికెట్ అడుగుతోంది. పరీక్ష చేయించుకున్నారా, కౌన్సెలింగ్ తీసుకున్నారా అన్నదే అందులో ఉంటుంది. ఫలితం ఏమిటన్నది ఉండదు. అది ఆ ఇద్దరి సొంత విషయం. వాహకులైన జంటల్లో ఎక్కువమంది పెళ్లి మానుకోలేదు. గర్భంలోనే బిడ్డకు పరీక్ష చేయించుకున్నారు. థలసీమియాతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు వచ్చింది.

చేదు అనుభవాలూ ఉన్నాయి. 1970ల్లో గ్రీస్‌లోని ఓర్కోమెనోస్ ప్రాంతంలో సికిల్‌సెల్ పరీక్షలు చేసి ఫలితాలు చెప్పారు. వాహకులన్న ముద్ర పడ్డవారికి సంబంధాలు తప్పిపోయాయి. దాంతో కొందరు తమ ఫలితాన్ని దాచిపెట్టి పెళ్లిళ్లు చేసుకున్నారు. చివరికి ఇద్దరు వాహకుల పెళ్లిళ్లు తగ్గనే లేదు.

పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లే ఎక్కువగా ఉన్న న్యూయార్క్‌లోని సంప్రదాయ యూదులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. టే-సాక్స్ అనే జబ్బుతో నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న ఒక రబ్బీ 1983లో ఆ పథకం మొదలుపెట్టారు. చదువుకునే వయసులోనే పిల్లల రక్తం తీసుకుంటారు. పేరు ఉండదు, ఒక నంబరు ఇస్తారు. ఎవరు వాహకులో ఎవరికీ చెప్పరు. సంబంధం మాటలు మొదలయ్యేటప్పుడే రెండు నంబర్లూ చెబితే, ఈ జోడీకి ముప్పు ఉందో లేదో మాత్రమే చెబుతారు. ఏ ఒక్కరి మీదా ముద్ర పడదు.

ఈ నాలుగు అనుభవాలూ కలిపి చూస్తే రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, పరీక్ష ఎంత ముందుగా జరిగితే అంత మంచిది. లగ్నపత్రిక రాసుకున్నాక, శుభలేఖలు అచ్చయ్యాక, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇచ్చాక వచ్చే రిపోర్టును ఎవరూ చదవరు, చదివినా పక్కన పెడతారు. రెండోది, ఫలితం గుట్టుగా ఉండాలి. ఉండదని తెలిస్తే జనం దాచుకుంటారు.

అమ్మాయికే ఎందుకు చెప్పాలి?

అబ్బాయికీ చెప్పాలి. అందులో సందేహం లేదు. అమ్మాయికి ముందుగా చెప్పడానికి మాత్రం కొన్ని కారణాలున్నాయి.

ఒకటి, నింద. బిడ్డకు జన్యు జబ్బు వస్తే ‘మా వంశంలో ఇలాంటివి లేవు’ అనే మాట చాలా ఇళ్లలో కోడలి వైపే దూసుకొస్తుంది. థలసీమియాలో తప్పు ప్రతి చెరొకరి నుంచి వచ్చిందని ఆమెకు ముందే తెలిసి ఉంటే, ఆ మాటకు జవాబు చెప్పగలదు.

రెండు, రక్తహీనత. అదే సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే హిమోగ్లోబిన్ తక్కువ కనిపించగానే ఐరన్ మాత్రలు రాసేస్తారు. థలసీమియా వాహకుల్లోనూ హిమోగ్లోబిన్ కాస్త తక్కువగానే ఉంటుంది. నెలల తరబడి మాత్రలు మింగినా పెరగకపోతే, ‘సరిగా తినవు’ అని అమ్మాయినే తిడతాం. అది తిండి సమస్య కాకపోవచ్చన్న ఆలోచన రాదు.

మూడు, కొన్ని జబ్బులు తల్లి వైపు నుంచి కొడుకులకు వచ్చే రకం. హీమోఫిలియా, డుషెన్ కండరాల క్షీణత అలాంటివి. అమ్మాయి సోదరుడికో, మేనమామకో ఈ జబ్బు ఉంటే ఆమె వాహకురాలయ్యే అవకాశం ఉంది. అప్పుడు భర్త ఎవరైనా, ఏ ఊరివాడైనా ముప్పు అదే. ప్రతి కొడుకుకూ జబ్బు వచ్చే అవకాశం సగం. ఇక్కడ మేనరికం మానుకోవడం వల్ల ఉపయోగం లేదు. ఆమెకు కావాల్సింది ముందస్తు పరీక్ష, మంచి సలహా.

నాలుగు, గర్భవతిగా ఉన్నప్పుడు తెలిస్తే సమయం చాలదు. ముందు ఆమె రిపోర్టు రావాలి, తర్వాత భర్తకు చేయాలి, తర్వాత బిడ్డకు. ఈలోపు భర్త ఊళ్లో ఉండడు, అత్తగారు ‘మావాడికెందుకు?’ అంటారు. వారాలు గడిచిపోతాయి.

అయితే జాగ్రత్త కూడా ఇక్కడే అవసరం. ‘అమ్మాయి రిపోర్టు పంపండి’ అని అబ్బాయి వైపువాళ్లు అడగడం, తమవాడి సంగతి ఎత్తకపోవడం రేపు కొత్త ఆచారంగా మారకూడదు. ఇది ఇంకో రకం కట్నం అవుతుంది. ఇద్దరిలో ఎవరు ముందు చేయించుకున్నా ఒకటే. నిజానికి అబ్బాయికి థలసీమియా వాహకత్వం లేదని తేలితే, ఆ ఒక్క జబ్బు వరకు అమ్మాయికి పరీక్షే అక్కర్లేదు. అడిగేవారు తమ రిపోర్టుతో రావాలి. జన్యు వివక్షను ప్రత్యేకంగా నిషేధించే చట్టం మన దగ్గర ఇంకా లేదు. కాబట్టి రిపోర్టును మ్యారేజ్ బ్యూరోకో, ఫ్యామిలీ వాట్సప్ గ్రూపుకో పంపకండి. అది ఆ అమ్మాయి సొత్తు. ఎవరికి చెప్పాలో ఆమే నిర్ణయించుకోవాలి.

ఏం చేయించుకోవాలి?

మొదటి మెట్టు ల్యాబ్‌లో కాదు, ఇంట్లో. ఒక తెల్లకాగితం తీసుకోండి. నానమ్మ, అమ్మమ్మల దగ్గర కూర్చోండి. మూడు తరాల కుటుంబ వృక్షం గీయండి. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎక్కడ మేనరికం ఉంది, ఎవరికి పదేపదే గర్భస్రావాలు అయ్యాయి, ఏ పిల్లలు చిన్నతనంలోనే పోయారు, నడక రానివారు, మాట రానివారు, చూపు లేనివారు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ‘దిష్టి తగిలి పోయాడు’, ‘పాలిపోయి పోయింది’ అని చెప్పుకునే కథల్లోనే చాలాసార్లు అసలు ఆధారం దొరుకుతుంది. జన్యు సలహాదారు మొదట అడిగేదీ ఇదే.

రెండో మెట్టు, సీబీపీ పరీక్ష. అందులో ఎర్ర రక్తకణాల సైజును చెప్పే ఎంసీవీ 80 కంటే తక్కువ, ఎంసీహెచ్ 27 కంటే తక్కువ ఉంటే ఆరా తీయాలి.

మూడో మెట్టు, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ పరీక్ష. ఇందులో హెచ్‌బీఏ2 శాతం 3.5 దాటితే బీటా థలసీమియా వాహకత్వం ఉండొచ్చు. సికిల్‌సెల్ కూడా ఇందులోనే తెలుస్తుంది. ఐరన్ లోపం తీవ్రంగా ఉంటే హెచ్‌బీఏ2 తక్కువగా కనిపించి మోసం చేయవచ్చు. అలాంటప్పుడు ఐరన్ లోపం సరిచేశాక మళ్లీ చేయాలి. జీవితంలో ఒకసారి సరిగా చేయించుకుంటే చాలు. ఈ ఫలితం మారదు. పెళ్లి ఫొటోలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే దీని ధర లెక్కలోకి రాదు.

నాలుగో మెట్టు అందరికీ కాదు. మేనరికం అనుకుంటున్నవారు, కుటుంబంలో జన్యు జబ్బు ఉన్నవారు జన్యు నిపుణులను కలవాలి. వందల జన్యువులను ఒకేసారి చూసే ప్యానల్ పరీక్షలు ప్రైవేటు ల్యాబుల్లో దొరుకుతున్నాయి. కౌన్సెలింగ్ లేకుండా నేరుగా వీటికి వెళ్లడం మంచిది కాదు. అర్థం తేలని మార్పులు కనిపించి లేనిపోని భయం పుట్టొచ్చు. అన్నీ బాగున్నాయని వచ్చినా ముప్పు పూర్తిగా లేదని కాదు, తగ్గిందని మాత్రమే.

హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. సీడీఎఫ్‌డీ జన్యు పరీక్షల్లో పేరున్న సంస్థ. 1998 నుంచి పనిచేస్తున్న థలసీమియా అండ్ సికిల్‌సెల్ సొసైటీ బాధిత కుటుంబాలకు అండగా ఉంటోంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2019లో ‘ఉమ్మీద్’ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిదాన్ కేంద్రాలు మొదలుపెట్టింది. అయినా జన్యు సలహాదారులు ఇంకా పెద్ద నగరాలకే పరిమితం. జిల్లా కేంద్రంలో ఉన్నవారు ముందు తమ ఫిజీషియన్‌తోనో, గైనకాలజిస్టుతోనో మాట్లాడి అక్కడి నుంచి సిఫారసు తీసుకోవచ్చు.

ఇద్దరూ వాహకులైతే?

పెళ్లి ఆగిపోవాల్సిందేనా? కాదు. కౌన్సెలర్ పని ‘చేసుకోండి’, ‘మానుకోండి’ అని తీర్పు చెప్పడం కాదు. ఉన్న దారులన్నీ ముందు పెట్టడం.

కొందరు పెళ్లి చేసుకుని ప్రతి గర్భంలోనూ బిడ్డకు పరీక్ష చేయించుకుంటారు. దాదాపు 11–13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి, లేదా 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి పరీక్షిస్తారు. ఇది చట్టం అనుమతించిన పరీక్షే. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఆడా మగా తెలుసుకోవడాన్ని నిషేధించింది గానీ, జన్యు జబ్బుల కోసం చేసే పరీక్షలను కాదు. బిడ్డకు తీవ్రమైన జబ్బు ఉందని తేలితే, 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 24 వారాల వరకు అవకాశం ఉంది. ఆ పైన మెడికల్ బోర్డు నిర్ణయించాలి. ఆ నిర్ణయం ఏ తల్లికీ తేలిక కాదు. అందుకే అది గర్భంలో కాకుండా, పెళ్లికి ముందు ఆలోచించాల్సిన విషయం.

ఇంకొందరు ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి, జబ్బు లేనిదాన్ని ఎంచుకుంటారు. ఖర్చు ఎక్కువ, ప్రతిసారీ ఫలిస్తుందన్న హామీ లేదు. కొందరు దత్తత వైపు చూస్తారు. కొందరు మనసులు ఇంకా ముడిపడకముందే మర్యాదగా వేరు సంబంధం చూసుకుంటారు. వీటిలో ఏదీ తప్పు కాదు. తెలిసి తీసుకున్న నిర్ణయం అయితే చాలు.

తరచూ వినిపించే సందేహాలు

ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు. పెళ్లి చేసుకోవచ్చా?
నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. ఒకే గ్రూపు వల్ల పిల్లలకు లోపాలు రావు. అమ్మాయి నెగెటివ్, అబ్బాయి పాజిటివ్ అయితే గర్భం సమయంలో డాక్టర్‌కు చెప్పి యాంటీ-డి ఇంజెక్షన్ తీసుకుంటే సరిపోతుంది.

పరీక్షలో తేడా వస్తే మా అమ్మాయికి సంబంధాలు రావేమో?
ఈ భయం సహజమే. వాహకురాలు చేసుకోకూడనిది వాహకుడిని మాత్రమే, అదీ ముందుచూపు లేకుండా. నూటికి 96 మంది అబ్బాయిలతో ఆ జబ్బు విషయంలో చిక్కే లేదు. దాచి పెళ్లి చేస్తే మాత్రం రేపు ఆ భారం మోయాల్సింది ఆ అమ్మాయే.

మేనరికం ఖాయమైంది. ఇప్పుడు ఏం చేయాలి?
కంగారు వద్దు. నిపుణులను కలిసి ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి. అవి అయ్యాకే ముహూర్తం మాట అనుకోండి.

పెళ్లయిపోయింది. ఇంకా పిల్లలు లేరు. ఆలస్యమైందా?
లేదు. గర్భం రాకముందు తెలిసినా చేతిలో దారులు చాలా ఉంటాయి. అమెరికాలో స్థిరపడ్డ మన అమ్మాయిలకు అక్కడి డాక్టర్లు గర్భానికి ముందే, కనీసం మొదటి విజిట్‌లో ఈ పరీక్షల మాట ఎత్తుతారు. ఇక్కడ మీరే అడగండి.

ఏం మారాలి?

ఇంటర్ బైపీసీ పిల్లలు మెండల్ బఠానీ మొక్కల గురించి చదువుతారు. సికిల్‌సెల్‌లో ఏ ఒక్క అక్షరం మారుతుందో నాలుగు మార్కులకు రాస్తారు. తమ సొంత హెచ్‌బీఏ2 ఎంతో మాత్రం వారికి తెలియదు. ఎంపీసీ, కామర్స్ పిల్లల చెవిన ఆ మాటే పడదు. డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో రక్తదాన శిబిరాలు ఎలాగూ జరుగుతాయి. వాటితోపాటే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇష్టపూర్వకంగా, గుట్టుగా ఈ పరీక్ష చేయించి, ఫలితాన్ని ఎవరిది వారికే చెప్పే ఏర్పాటు పెద్ద పనేం కాదు. గిరిజన ప్రాంతాలకు వెళ్లిన కార్డు పట్టణాల కాలేజీలకూ రావాలి. అయితే ఆ కార్డు బీరువాలో ఉండాలి, బయోడేటాలో కాదు.

బాధిత పిల్లలకు ప్రభుత్వాలు చేస్తున్నది తక్కువేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో థలసీమియా మేజర్, సికిల్‌సెల్, తీవ్ర హీమోఫిలియా బాధితులకు నెలకు 10 వేల రూపాయల పింఛను అందుతోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ మూడు జబ్బులనూ వైకల్యాల జాబితాలో చేర్చింది. ఎముక మజ్జ మార్పిడికి సాయం చేసే పథకాలున్నాయి. ఇవన్నీ ఉండాల్సిందే. జబ్బుతో పుట్టిన ప్రతి బిడ్డకూ గౌరవంగా బతికే హక్కు ఉంది. ఆ పిల్లలు రాకూడనివారని చెప్పడం ఈ చర్చ ఉద్దేశం కాదు. ఏ తల్లీ తెలియక ఆ దారిలో అడుగు పెట్టకూడదన్నదే ఉద్దేశం.

ఇంట్లో పెళ్లీడు అమ్మాయి ఉంటే, ఈ వారం ఆమెతో ఈ మాట కదపండి. మొదట అమ్మే మాట్లాడితే మంచిది. ‘నీలో ఏదో లోపం ఉందేమో చూద్దాం’ అని కాదు, ‘నీ గురించి నీకు తెలిసి ఉండాలి’ అని. అన్నయ్యకూ, తమ్ముడికీ అదే రోజు అదే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. అప్పుడు అది అమ్మాయి మీద అనుమానంలా ఉండదు, ఇంటి అలవాటులా ఉంటుంది. రేపు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఏమడిగినా, తానేం అడగాలో ఆమెకు తెలిసి ఉంటుంది.